బిల్లు కౌంటర్లో తొందర ఎవరిది?

నెల మొదటి ఆదివారం సాయంత్రం గచ్చిబౌలి చుట్టుపక్కల ఏ చవక ధరల సూపర్‌మార్కెట్‌కైనా వెళ్ళారా? వెళ్ళలేదంటే మీకింకా పెళ్ళి కాలేదన్నమాట, లేదా మీ ఇంట్లో మీకన్నా తెలివైనవాళ్ళు ఉన్నారన్నమాట :) మొన్నామధ్య నేను వెళ్ళాను. జీతం పడిన వారమే కదా, ఊరు ఊరంతా అక్కడే ఉంది. కందిపప్పు దగ్గర ఒక జాతర, నూనె ప్యాకెట్ల దగ్గర ఇంకో జాతర. అరగంటలో సామాను సర్దుకుని బిల్లింగ్ లైన్లో నిలబడితే, ముందు ఏడు ట్రాలీలు.

పనీపాటా లేనప్పుడు సాఫ్ట్‌వేరోడు ఏం చేస్తాడు? కొలుస్తాడు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. నా వంతు వచ్చింది. 41 వస్తువులు. మొదటి బీప్ నుంచి చివరి బీప్ దాకా ఆ అమ్మాయికి పట్టింది 2 నిమిషాల 10 సెకన్లు. పెసరపప్పు, చింతపండు, ఫినాయిలు, పిల్లాడి గీతల నోటు పుస్తకాలు, ఏదీ రెండోసారి తిప్పాల్సిన అవసరం లేకుండా లాగేసింది. అక్కడినుంచి నేను కదలడానికి పట్టింది 3 నిమిషాల 20 సెకన్లు. సంచులు కార్లో మర్చిపోయాను. "బ్యాగ్ గావాలా సార్" అని ఆమె అడిగితే ఎన్ని కావాలో లెక్క తేలలేదు. తీరా ఫోన్ తీస్తే ఆ సెల్లార్లో సిగ్నల్ లేదు. ఈలోపు నా వెనకాల పెద్దాయన గొంతు పెంచాడు. "జల్ది కానియ్యమ్మా, ఎంతసేపు!" అని.

నన్ను కాదు. ఆ అమ్మాయిని.

ఆమె ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. నాకు మాత్రం పదిహేనేళ్ళ కిందటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. అది చివర్లో చెప్తాను, ఎందుకంటే అది అర్థం కావాలంటే ఈ బిల్లు కౌంటరు ఎక్కడినుంచి వచ్చిందో ముందు చెప్పాలి.

మా ఊళ్ళో కిరాణా కొట్టు గురించి మొదలుపెడతాను. నా వయసువాళ్ళందరికీ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. అమ్మ రాసిచ్చిన చీటీ పట్టుకుని వెళ్తే, కొట్టాయన చీటీ మీద ఒకసారి కళ్ళు తిప్పి కుర్రాడికి కేకేసేవాడు. కుర్రాడు తూకం వేసి, పాత పేపరు పొట్లం కట్టి, పురికొస చుట్టి, పళ్ళతో తెంపేవాడు. కొట్టాయన చీటీ మీదే ధరలు వేసుకుంటూ పోయి, కింద గీత గీసి, మొత్తం రాసేసేవాడు. కాలిక్యులేటరు లేదు, ధరల పట్టిక లేదు. మూడొందల సరుకుల ధరలూ ఆయన బుర్రలోనే. ఆ కొట్లో ఆలస్యమంతా తూకం దగ్గరా పొట్లం దగ్గరా ఉండేది గానీ బిల్లు దగ్గర ఉండేది కాదు. బిల్లుకి పట్టేది అర నిమిషం. డబ్బుల్లేకపోతే అంతకన్నా తక్కువ, ఎందుకంటే పద్దు పుస్తకంలో ఒక్క అంకె వేస్తే సరిపోయేది.

ఈ పద్ధతిలో పనంతా కొట్టువాళ్ళది. మనం నిలబడి కబుర్లు చెప్పడమే. ఆ పనిని కొనేవాడి నెత్తిన పెట్టినవాడి పేరు క్లారెన్స్ సాండర్స్. అమెరికాలో మెంఫిస్ ఊళ్ళో 1916 సెప్టెంబరులో "పిగ్లీ విగ్లీ" అని ఒక కొట్టు తెరిచాడు. (పేరెందుకలా పెట్టావంటే జనం అలా అడగడానికే అన్నాడని చెప్తారు.) గేటు తోసుకుని లోపలికెళ్ళి, బుట్ట పట్టుకుని, మన సామాను మనమే తీసుకుని, చివర్లో ఒకచోట డబ్బు కట్టి బయటికి రావాలి. గుమాస్తాల జీతాలు మిగిలాయి కాబట్టి ధరలు తగ్గాయి. పద్ధతి దేశమంతా పాకింది. కానీ దానితోపాటు అంతకుముందు లేనిదొకటి పుట్టింది. పాత కొట్లో జనం గల్లా పొడుగునా చెల్లాచెదురుగా నిలబడేవాళ్ళు. ఇక్కడ అందరూ ఒకే సన్నటి దారిలోంచి బయటికి రావాలి. అంటే, మనం ఇవాళ తిట్టుకునే ఆ లైను సెల్ఫ్ సర్వీసుతో పాటు పుట్టిన కవల. తగ్గింపు ధర కావాలంటే అది కూడా తీసుకోవాల్సిందే.

లైను చివర ఉన్న యంత్రం మాత్రం ఇంకా పాతది. 1879లో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో జేమ్స్ రిట్టీ అనే సారా దుకాణం యజమాని తన పనివాళ్ళు డబ్బు నొక్కేస్తున్నారని క్యాష్ రిజిస్టర్ కనిపెట్టాడు. దానికి "ఇన్‌కరప్టిబుల్ క్యాషియర్" అని పేరు, అంటే అవినీతి ఎరగని గుమాస్తా అని. తరవాత ఆ వ్యాపారమే చేతులు మారి ఎన్‌సీఆర్ కంపెనీ అయింది. ఆ కంపెనీ హైదరాబాదు ఆఫీసులో పనిచేసినవాళ్ళు ఇది చదివేవాళ్ళలో ఉండే ఉంటారు, వాళ్ళకి నేను చెప్పేదేముంది. నాకు గమ్మత్తుగా అనిపించేదేంటంటే, ఆ యంత్రం పుట్టింది వేగం కోసం కాదు, అనుమానంతో. ఆ అనుమానం ఇప్పటికీ అందులోంచి పోలేదు. మనం డబ్బు కట్టి పది అడుగులు వేశాక గేటు దగ్గర సెక్యూరిటీ అతను బిల్లు తీసుకుని ముద్ర కొడతాడే, అది రిట్టీగారి మునిమనవడే.

ఇక బార్‌కోడు. ఇది మనవాళ్ళు చాలామందికి తెలిసిన కథే అయినా, ఇష్టం కొద్దీ చెప్తున్నాను. ఫిలడెల్ఫియాలో ఒక కిరాణా కంపెనీ పెద్దమనిషి, బిల్లింగ్ దగ్గర సరుకు వివరాలు దానంతటదే నమోదయ్యే మార్గం చూడండయ్యా అని 1948లో ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చి అడిగితే, బెర్నార్డ్ సిల్వర్ అనే విద్యార్థి చెవిన పడింది. అతను స్నేహితుడు జోసెఫ్ వుడ్‌లాండ్‌కి చెప్పాడు. వుడ్‌లాండ్ మయామీ బీచిలో ఇసకలో కూర్చుని మోర్స్ కోడు చుక్కలూ గీతలూ వేస్తూ, ఊరికే వేళ్ళతో వాటిని కిందికి లాగాడట. చుక్క సన్నగీత అయింది, గీత లావుగీత అయింది. అంతే. 1952లో పేటెంటు వచ్చింది. కానీ దాన్ని చదవడానికి వాళ్ళు వాడింది 500 వాట్ల బల్బు. కొట్లో పెడితే ముందు సామాను మాడిపోతుంది. లేజరూ, చవకరకం కంప్యూటరూ వచ్చేదాకా ఆ ఆలోచన ఇరవయ్యేళ్ళు అటక మీదే ఉండిపోయింది. చివరికి ఐబీఎంలో జార్జ్ లారర్ గీసిన నమూనాని 1973లో అందరూ ఒప్పుకున్నారు. 1974 జూన్ 26న ఒహాయోలోనే ట్రాయ్ ఊళ్ళో మార్ష్ సూపర్‌మార్కెట్లో మొదటి బీప్ వినబడింది. 67 సెంట్ల రిగ్లీ జ్యూసీ ఫ్రూట్ చూయింగ్ గమ్ ప్యాకెట్. ట్రాయ్ ఎక్కడుందో మ్యాపులో చూడండి, డేటన్ పక్కనే.

ఇక్కడిదాకా చదివితే మీకేమనిపిస్తుంది? యంత్రం వచ్చింది, వేగం వచ్చింది, అవునా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. 2007లో ఆన్‌సైట్ పంపిస్తే జర్మనీ వెళ్ళేదాకా.

అక్కడ మా గది దగ్గర ఆల్డీ కొట్టు ఉండేది. చవక. మన బోటి ఆన్‌సైటు జీవులకి అదే అన్నపూర్ణ. మొదటిసారి బిల్లు దగ్గర నాకు చెమటలు పట్టాయి. నల్లటి పొడుగాటి బెల్టు మీద సామాను పెట్టాను. ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. పాలు, బ్రెడ్డు, బంగాళాదుంపలు రెండు చేతులతో అటునుంచి ఇటు నెట్టేస్తోంది, బీపులు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. సర్దుకోడానికి అక్కడ గట్టు లేదు. అందింది అందినట్టు ట్రాలీలో పడెయ్యాలి, డబ్బు కట్టాలి, పక్కకి పోవాలి. తీరిగ్గా సంచుల్లో పెట్టుకోడానికి కిటికీ పక్కన వేరే బల్ల ఉంటుంది. నేను ఇది తెలియక పాలడబ్బాని సంచిలో నిలబెట్టే ప్రయత్నంలో ఉంటే, వెనకాల ముసలావిడ నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి, ఆవిడ చూసింది నా వంకే, బిల్లు వేసే ఆవిడ వంక కాదు.

తరవాత ఆ కంపెనీ చరిత్ర చదివితే అసలు ఆశ్చర్యం అక్కడ ఉంది. ఎస్సెన్ ఊళ్ళో వాళ్ళమ్మ నడిపిన చిన్న కొట్టుని కార్ల్, తియో అల్‌బ్రెక్ట్ అనే అన్నదమ్ములు రెండో ప్రపంచయుద్ధం తరవాత చేతుల్లోకి తీసుకున్నారు. 1960 ప్రాంతంలో సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న దగ్గర తేడా వచ్చి ఉత్తరం ఒకరు, దక్షిణం ఒకరు పంచుకున్నారు. (మన దగ్గర అన్నదమ్ములు పొలం గట్టు కోసం విడిపోతే నవ్వేవాళ్ళు గమనించాలి.) బార్‌కోడు వచ్చి పాతికేళ్ళు దాటినా, 2000 సంవత్సరం వచ్చేదాకా వీళ్ళు స్కానర్లు పెట్టలేదు. డబ్బుల్లేక కాదు. స్కానరు నెమ్మది కాబట్టి! వాళ్ళ బిల్లింగ్‌వాళ్ళకి కొట్లో ఉన్న కొన్ని వందల సరుకుల ధరలో, నంబర్లో కంఠతా వచ్చు. బెల్టు మీద వస్తువు కనబడగానే, చూడకుండానే వేళ్ళు కొట్టేసేవి. గీతలెక్కడున్నాయా అని ప్యాకెట్టు తిప్పి తిప్పి లేజరుకి చూపించే వాడికన్నా ఇది వేగం. యూరో వచ్చి, సరుకుల సంఖ్య పెరిగే రోజుల్లో స్కానరు పెట్టారు గానీ, అప్పుడు కూడా ముందు ప్యాకెట్ల సంగతి చూశారు. అమ్మేవి చాలావరకు వాళ్ళ సొంత బ్రాండులే కాబట్టి బార్‌కోడుని పెద్దగా, రెండు మూడు వైపులా అచ్చు వేయించారు. ఎలా పట్టుకున్నా బీప్ అంటుంది.

నాకు మా కొట్టాయన గుర్తొచ్చాడు. మూడొందల సరుకులు, అన్ని ధరలూ బుర్రలో, అర నిమిషంలో బిల్లు. మనవాళ్ళు వదిలేసిన దాన్ని జర్మనీవాళ్ళు పద్ధతిగా పెట్టుకున్నారంతే. వేగం యంత్రంలో లేదు, కౌంటరు దాకా రాకముందే ఎంత పని తగ్గించారన్న దాంట్లో ఉంది. సరుకులు తక్కువ, ప్యాకెట్టు తిప్పే పని లేదు, సంచి సర్దే పని కౌంటరు దగ్గర లేదు. వాల్‌మార్ట్ 1997లో జర్మనీలో దిగి, ద్వారం దగ్గర నమస్కారాలు పెట్టించి, సామాను సంచుల్లో సర్దిపెట్టించి, చివరికి 2006లో కొట్లన్నీ అమ్ముకుని వెళ్ళిపోయింది. కారణాలు సవాలక్ష, కానీ ఆ ముసలావిడ చూపు తిన్నవాడిగా నాకు ఇదొకటీ అర్థమైంది.

ఇక మన ఊరికొద్దాం. గచ్చిబౌలి అంటే గచ్చు చేసిన దిగుడుబావి. పేరులోనే నీళ్ళకోసం జనం వరసగా మెట్లు దిగడం ఉంది. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి ఇటువైపంతా రాళ్ళూ తుప్పలూ, ఒక పక్క సెంట్రల్ యూనివర్సిటీ, అంతే. సరుకులకి కూకట్‌పల్లో మెహదీపట్నమో పోవాలి. హైదరాబాదుకి సూపర్‌మార్కెట్ కొత్త కాదు, త్రినేత్ర 1986 నుంచే ఉంది. 1996లో చెన్నైలో మొదలైన ఫుడ్‌వరల్డ్ ఇక్కడికీ వచ్చింది. 2001లో ముషీరాబాదులో జెయింట్ అని పెద్ద హైపర్‌మార్కెట్ పెట్టారు, అదే తరవాత స్పెన్సర్స్ అయింది. అదే సంవత్సరం అబిడ్స్‌లో బిగ్ బజార్. 2006 నవంబరు 3న రిలయన్స్ ఫ్రెష్ దేశంలో మొట్టమొదట 11 కొట్లు ఒకేసారి తెరిచింది మన హైదరాబాదులోనే. మరుసటి జనవరిలో త్రినేత్రని బిర్లాలు కొనేసి "మోర్" అని పేరు మార్చారు. ఇప్పుడు ఇందులో చాలా పేర్లు లేవు. బిగ్ బజారే 2022తో పోయింది.

ఆ రోజుల్లో బిల్లింగ్ కౌంటరు అంటే మా వాళ్ళకి సొడెక్సో కూపన్లు. గుర్తున్నాయా? కట్టలు కట్టలుగా ఇచ్చేవాళ్ళు. ఒకడు 1,340 రూపాయల బిల్లుకి యాభైలూ ఇరవైలూ చింపి ఇస్తుంటే, బిల్లు వేసే మనిషి ఒక్కొక్కటీ లెక్కపెట్టి వెనకాల స్టాంపు కొడుతుంటే, లైనంతా ఐటీవాళ్ళని శాపనార్థాలు పెట్టేది. కూపన్లకి చిల్లర ఇవ్వరు కాబట్టి మిగిలిన కొద్ది రూపాయలకి ఏ చాక్లెట్ తీసుకోవాలా అని మళ్ళీ ఒక ఆలోచన. కార్డు గీకితే సంతకం. 2013 డిసెంబరు నుంచి డెబిట్ కార్డుకి పిన్ తప్పనిసరి అయింది. 2016లో యూపీఐ వచ్చింది, ఆ ఏడాది నవంబరులో నోట్ల రద్దు దాన్ని అందరి ఫోన్లోకీ తోసింది. డబ్బు కట్టే పని ప్రతిసారీ కొత్త రూపంలో తేలికైంది, ప్రతిసారీ కొత్త రూపంలో ఆగింది. పెన్ను లేదు, పిన్ను మర్చిపోయా, సిగ్నల్ లేదు. మనిషి మాత్రం అక్కడే నిలబడి ఉంది.

చవక ధరల కొట్టు అనే పద్ధతిని మన దగ్గర గట్టిగా నిలబెట్టింది డీమార్ట్ అని ఒప్పుకోవాలి. రాధాకిషన్ దమానీ 2002లో ముంబై పొవాయ్‌లో మొదటి కొట్టు పెట్టాడు. అద్దెలకి పోకుండా చాలామటుకు సొంత స్థలాల్లో కట్టడం, సరఫరా చేసేవాళ్ళకి తొందరగా డబ్బు కట్టి ధర తగ్గించుకోవడం, హంగూ ఆర్భాటం లేకుండా బాగా పోయే సరుకులే పెట్టడం. 2017 మార్చిలో 299 రూపాయలకి షేరు ఇస్తే మొదటిరోజే రెట్టింపు దాటింది, మా ఆఫీసులో ఆ రోజు పని చేసినవాడు లేడు. ఆల్డీ సూత్రాలు చాలా ఇందులో కనిపిస్తాయి. మరి ఆల్డీ బిల్లు వేగం మన దేశంలో ఏ కొట్లోనూ ఎందుకు రాదు?

దీనికి జవాబు కొంత మన చట్టంలో ఉంది, అదీ మంచి చట్టంలో. 1990 నుంచి మన దగ్గర ప్యాకెట్టు మీద అన్ని పన్నులూ కలిపిన గరిష్ట చిల్లర ధర, అదే ఎమ్మార్పీ, అచ్చు వెయ్యాలి. అమెరికాలో స్కానర్లు వచ్చాక ప్యాకెట్ల మీద ధర చీటీలు ఎత్తేస్తే, మాకు ధర తెలియకుండా మోసం చేస్తున్నారని వినియోగదారులు పెద్ద గొడవే చేశారు, కొన్ని రాష్ట్రాల్లో చట్టాలు తెచ్చుకున్నారు. మనకి ఆ హక్కు స్కానరు కన్నా ముందే ఉంది. కానీ కంపెనీ ధర మారుస్తుంది, బార్‌కోడు మాత్రం మార్చదు. అరల్లో పాత సరుకూ కొత్త సరుకూ రెండూ ఉంటాయి. స్కాన్ చెయ్యగానే స్క్రీను మీద చిన్న డబ్బా వస్తుంది, 110 రూపాయలదా, 118దా ఎంచుకోమని. అప్పుడు ఆ అమ్మాయి ప్యాకెట్టు తిప్పి, మడత కింద చీమ తలకాయంత అంకెల్లో అచ్చైన ధర వెతికి, చూసి, నొక్కాలి. ఈసారి కౌంటరు దగ్గర గమనించండి, ఆమె వంగి ప్యాకెట్టు అంచు చూస్తోందంటే చేస్తున్న పని అదే. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మార్చి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గించినప్పుడు ఈ రెండు ధరల తంటా ఒకేసారి ఎన్ని వస్తువులకి వచ్చి ఉంటుందో ఊహించుకోండి. మనకి తగ్గింది. ఆమెకి పెరిగింది.

ఆల్డీ అయితే ప్యాకెట్టు తనది, బార్‌కోడు తనది, ధర తనది. మన కొట్టుకి ప్యాకెట్టు ఎవరో కంపెనీది. పైగా ఎవరికీ కనబడని ఇంకో లెక్క ఉంది. 1909లో కోపెన్‌హాగన్‌లో టెలిఫోను ఎక్స్ఛేంజీల కోసం ఎర్లాంగ్ మొదలుపెట్టిన లెక్కలు మనలో చాలామంది డిగ్రీలో చదివి మర్చిపోయినవే. మనుషులు ఇష్టమొచ్చినట్టు వస్తూపోతూ ఉండే ఒక కౌంటరు పది నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు బిజీగా ఉంటే, మీరు ఆగాల్సింది సగటున నాలుగు బిల్లుల సేపు. తొమ్మిది నిమిషాలు బిజీ అయితే తొమ్మిది బిల్లుల సేపు. అంటే ఒక్క పిసరు పని పెరిగితే లైను రెట్టింపు. చవక కొట్టు కౌంటర్లు ఎక్కువ పెట్టదు, జీతాలు మిగలాలి కదా. కాబట్టి అది ఎప్పుడూ ఆ తొమ్మిది దగ్గరే బతుకుతుంది. అందుకే ప్రతి సెకనూ వాళ్ళకి బంగారం. అన్నట్టు, పక్క లైను మనదానికన్నా తొందరగా కదులుతుందని అందరం అనుకుంటాం. భ్రమేం కాదు. మీదీ, అటూ ఇటూ ఒక్కొక్కటీ, మొత్తం మూడు లైన్లలో మీదే ముందుండే అవకాశం మూడింట ఒక్కటే.

ఇప్పుడు నా సంగతి.

2010 ప్రాంతంలో నేను గచ్చిబౌలిలోనే ఒక కంపెనీలో ఉన్నాను. క్లయింటు ఒక విదేశీ సూపర్‌మార్కెట్ గొలుసు. మేం చేసేది వాళ్ళ బిల్లింగ్ సాఫ్ట్‌వేరు. నా వాటాకి వచ్చిన పని ఒక రిపోర్టు. ఏ క్యాషియరు నిమిషానికి ఎన్ని వస్తువులు కొట్టింది, వారం చివర్లో మేనేజరుకి ఒక పేజీ. లక్ష్యానికి పైన ఉంటే ఆకుపచ్చ, కింద ఉంటే ఎరుపు. పెద్ద కష్టమైన పనేం కాదు. బిల్లు మొదలైన సమయం, బిల్లు ముగిసిన సమయం, మధ్యలో వస్తువుల సంఖ్య, భాగహారం. క్వెరీ రాసి, ఇండెక్సు పెట్టి, పదకొండు సెకన్ల రిపోర్టుని ఒక సెకనుకి తెచ్చి, మెప్పు కూడా పొందాను.

మా టెస్టింగ్‌లో ఒక అమ్మాయి ఉండేది. ఒకరోజు వచ్చి నా సీటు దగ్గర నిలబడి అడిగింది. "అన్నా, కస్టమరు పర్సు వెతుక్కునే టైము ఎవరి ఖాతాలో పడుద్ది?" అని. బిల్లు ముగిసిందంటే డబ్బు పడినట్టు, కాబట్టి క్యాషియరు ఖాతాలోనే అన్నాను. "అదే బగ్గు" అంది. వాళ్ళక్క కూకట్‌పల్లిలో ఒక సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ చేస్తుందట. ముసలివాళ్ళు చిల్లర లెక్కపెట్టుకునే కౌంటరు వాళ్ళక్కదట, అందుకే ఎప్పుడూ ఆమె లెక్కే తక్కువట. స్కాను మొదలైనప్పటినుంచి చివరి స్కాను దాకా మాత్రమే కొలవాలి అని చెప్పి, వివరంగా బగ్ రాసింది.

సరిచెయ్యడానికి నాకు పట్టేది ఒక్క పూట. చివరి స్కాను సమయం టేబుల్లో ఉంది, వేరే కాలమ్, అంతే. కానీ రిలీజు శుక్రవారం. స్పెసిఫికేషన్లో "బిల్లు వ్యవధి" అనే రాసి ఉంది. క్లయింటుని అడిగితే ఇంకో వారం. నేను ఆ బగ్‌ని "డిజైన్ ప్రకారమే ఉంది" అని మూసేశాను. ఆమె మళ్ళీ తెరవలేదు. మా రిపోర్టు కొన్ని వందల కొట్లలోకి పోయింది. దాంట్లో ఎరుపు రంగు పడినవాళ్ళలో ఎంతమందికి అది పర్సుల వల్ల పడిందో నాకు తెలిసే దారి లేదు.

ఎరుపు పడినవాళ్ళు కనీసం కూర్చుని పని చేసేవాళ్ళు. మన దగ్గర బిల్లింగ్ కౌంటర్లో స్టూలు చూశారా? చాలాచోట్ల ఉండదు. కోజికోడ్‌లో బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్ళు రోజంతా నిలబెట్టడం మీద ఏళ్ళ తరబడి పోరాడితే, 2018లో కేరళ చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది. పోరాడినవాళ్ళలో ముందున్న విజి అనే దర్జీ పేరు ఆ ఏడాది బీబీసీ వందమంది స్త్రీల జాబితాలో కూడా వచ్చింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. కూర్చోడానికి చట్టం కావాల్సి వచ్చిందంటే నవ్వొస్తుంది గానీ, ఆల్డీ కుర్చీ దయ కాదు, కూర్చుంటే రెండు చేతులూ ఖాళీగా ఉండి వేగంగా పోతుంది కాబట్టి వేసిన కుర్చీ. దయా లేక, లెక్కా లేక, మనం నిలబెట్టాం.

అసలు మనిషినే తీసేస్తే పోలా అంటారా? 2018 జనవరిలో అమెజాన్ సియాటిల్లో క్యాషియరే లేని కొట్టు తెరిచింది. సామాను తీసుకుని నడిచి వెళ్ళిపోవడమే, పైన కెమెరాలు చూసుకుంటాయి. మనవాళ్ళం నోరు తెరుచుకుని వీడియోలు పంపుకున్నాం. 2024లో తన పెద్ద కిరాణా కొట్లలోంచి దాన్ని తీసేస్తున్నామంది. ఆ కెమెరాల వెనక వీడియోలు చూసి సరిచేసేవాళ్ళు వెయ్యిమందికి పైగా, అదీ ఇండియాలో, ఉన్నారని పత్రికలు రాశాయి. ఆ మనుషులున్నారు గానీ వాళ్ళ ప్రధాన పని అది కాదు, యంత్రానికి నేర్పడం అని అమెజాన్ అంది. ఎవరి మాట ఎంత నిజమైనా, క్యాషియరు పోలేదు. సియాటిల్లో కనబడకుండా మన టైమ్ జోన్‌లోకి వచ్చి కూర్చుంది. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాపులూ అంతే. గచ్చిబౌలి సందుల్లో షట్టర్లు సగం దించిన ఆ గోడౌన్లలో బుట్ట పట్టుకుని అరల మధ్య పరిగెత్తే కుర్రాడి చేతిలో కూడా ఒక గడియారం ఉంది. దాని వెనక క్వెరీ ఎవరు రాస్తున్నారో, ఏ బగ్‌ని ఏ శుక్రవారం మూసేశారో నాకు తెలియదు. నా బోటి వాడే అయుంటాడు.

పోయిన నెల మళ్ళీ అదే కొట్టుకి వెళ్ళాను. ఈసారి ట్రాలీలోంచి బరువైనవి ముందు, మెత్తనివి చివర పెట్టాను. గీతలున్న వైపు ఆమె వైపుకి తిప్పాను. సంచులు నాలుగు భుజానికి తగిలించుకున్నాను. సెల్లార్లోకి దిగకముందే చిల్లరతో సహా నోట్లు జేబులో పెట్టుకున్నాను. 38 వస్తువులు. స్టాప్‌వాచ్ మాత్రం పెట్టలేదు.

అదే అమ్మాయి. సగంలో ఆగి నా వంక చూసింది.

"సార్, మీరు ఎక్కడైనా బిల్లింగ్‌ల జేసిన్రా?"

"లేదమ్మా" అన్నాను. కందిపప్పు ప్యాకెట్టు చూపించి, "దీనికి రెండు ఎమ్మార్పీలు వస్తాయేమో చూడు" అన్నాను.

"చూసిన సార్," అంది, అప్పటికే రెండోది నొక్కేసి. "మీది పాత రేటే."